మైగ్రేన్‌కి బొటాక్స్ తీసుకుంటున్నవాళ్లు ముఖం ముడతలకూ వేయించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. హైదరాబాద్‌లో స్కూల్ టీచర్‌ని. చాలా ఏళ్లుగా మైగ్రేన్ ఉంది. నెలలో సగానికి పైగా రోజులు తలనొప్పితోనే గడిచేవి. మాత్రలు పనిచేయకపోవడంతో మా న్యూరాలజిస్టు గారు గత ఏడాది నుంచి 12 వారాలకోసారి తలకు, మెడకు బొటాక్స్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ప్రాణం లేచొచ్చినట్టుంది. చివరిసారి నవంబరు 15న వేయించుకున్నాను. ప్రతిసారీ 100 యూనిట్ల వయల్స్ రెండు మేమే కొనుక్కెళ్తాం. 155 యూనిట్లు వాడి, మిగిలిన 45 పారేస్తారు.

ఫిబ్రవరి 26న మా అమ్మాయి పెళ్లి. ఫొటోల్లో బాగా కనిపించాలని ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్లాను. నుదురు, కనుబొమల మధ్య, కళ్ల పక్కన ముడతలు, మెడ అన్నీ కలిపి బొటాక్స్ ప్యాకేజీ అన్నారు. డిసెంబరులోనే వేయించుకుంటే డిస్కౌంటట. ఇంకోపక్క మా పళ్ల డాక్టరు నేను నిద్రలో పళ్లు కొరుకుతున్నానని, దవడ కండరాలకూ ఇదే ఇంజెక్షన్ వేస్తామంటున్నారు. పైగా మైగ్రేన్ ఇంజెక్షన్ల తర్వాత నా ఎడమ కనుబొమ చివర పైకి లేచి, ఎప్పుడూ కోపంగా ఉన్నట్టు కనిపిస్తోంది. మిగిలిపోయే 45 యూనిట్లు ఫ్రిజ్‌లో పెట్టుకుని స్కిన్ క్లినిక్‌కి తీసుకెళ్లొచ్చా? రోజూ రాత్రి అమిట్రిప్టిలిన్ 10 వేసుకుంటాను. న్యూరాలజిస్టు గారికి ముడతల సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. తలనొప్పి ఒక సాకు అనుకుంటారేమోనని టెన్షన్. స్కిన్ క్లినిక్‌లో మైగ్రేన్ ఇంజెక్షన్ల మాట నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.
– పేరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు:

అమ్మా, ముందుగా అమ్మాయి పెళ్లికి శుభాకాంక్షలు. నెలలో సగం రోజులు చీకటి గదిలో పడుకున్న మనిషి కూతురి పెళ్లిలో కళకళలాడుతూ తిరగాలనుకోవడం ఎంత న్యాయమైన కోరికో నాకు తెలుసు. కాబట్టి వద్దు అని ఒక్క మాటతో తేల్చేయను. కానీ డిసెంబరు ప్యాకేజీకి మాత్రం ఒప్పుకోకండి. మీరు అడిగిన వాటిలో కొన్ని చేయించుకోవచ్చు, కొన్ని పెళ్లయ్యాక ఆలోచించాలి, ఒకటి అసలు వద్దు. ఏది చేయించుకున్నా మీ 12 వారాల మైగ్రేన్ చికిత్స రోజు చుట్టూనే జరగాలి. నవంబరు 15 నుంచి లెక్కేస్తే ఆ రోజు ఫిబ్రవరి 7 అవుతుంది. పెళ్లికి 19 రోజుల ముందు. కండరాల్ని కొంతకాలం సడలించే ఈ మందు పని మూడు రోజుల నుంచి వారంలోపు మొదలై, రెండు వారాలకు పూర్తిగా తెలుస్తుంది. అంటే మీ తేదీలు వాటంతట అవే కలిసొచ్చాయి. తొందరపడాల్సిన పనే లేదు.

స్కిన్ క్లినిక్ వాళ్లు అడగని విషయం ఒకటుంది. మీ ముఖంలో వాళ్లు వేస్తామంటున్న చోట్లలో సగం ఇప్పటికే మందుతో ఉన్నాయి. దీర్ఘకాలిక మైగ్రేన్‌కి ప్రపంచమంతా వాడే పద్ధతిలో 31 చోట్ల 155 యూనిట్లు వేస్తారు. అందులో కనుబొమల మధ్య ముడిపడే కండరాలకు 15, నుదుటికి 20, రెండు కణతలకు కలిపి 40, తల వెనక 30, మెడ వెనక పైభాగంలో 20, భుజాల కండరాలకు 30. ఇప్పుడు అందం కోసం మామూలుగా వేసే మోతాదు చూడండి. కనుబొమల మధ్య 20, నుదుటికి 20, రెండు కళ్ల పక్కన కలిపి 24. మొదటి రెండూ మీకు మూడు నెలలకోసారి పడుతూనే ఉన్నాయి. మీరు డబ్బు కట్టి మళ్లీ కొనబోతున్నది ఇంట్లో ఉన్న వస్తువే.

ఆ డబ్బు పోతే పోయిందనుకోవచ్చు. అసలు ఇబ్బంది వేరే ఉంది. కనుబొమల్ని పైకి ఎత్తి పట్టుకునే కండరం ముఖంలో ఒక్కటే, అదే నుదుటి కండరం. నవంబరులో వేసిన 20 యూనిట్లు ఇంకా పనిచేస్తుండగా డిసెంబరులో ఇంకో 20 వేస్తే ఆ కండరం పూర్తిగా చేతులెత్తేస్తుంది. కనుబొమలు కిందికి జారతాయి, పైరెప్పల చర్మం కళ్ల మీదికి వాలుతుంది. మన వయసులో ఆ చర్మం ఇప్పటికే కొంచెం వదులవుతుంది కాబట్టి ఇంకా త్వరగా తెలుస్తుంది. నిద్రమత్తులో ఉన్నట్టు కనిపిస్తారు. దానికి విరుగుడు మందు లేదు. దానంతట అది తగ్గాల్సిందే, అందుకు కొన్ని వారాలు పట్టొచ్చు. పెళ్లి ఫొటోల కోసం వెళ్లి అలా కనిపించాల్సి వస్తే ఎంత బాధ!

ఎడమ కనుబొమ లేచిపోవడం ఈ చికిత్సలో తరచూ చూసేదే. నుదుటి మధ్యభాగం సడలి, చివరి భాగం బలంగా ఉండిపోతే ఆ చివరే కనుబొమను పైకి లాగుతుంది. మందు ప్రభావం తగ్గేకొద్దీ జనవరి చివరికి అదే దిగుతుంది. ఫిబ్రవరి 7న మళ్లీ అలా జరగకుండా చూడటం న్యూరాలజిస్టు చేతిలో పని. నుదుటి చివర ఒకటి రెండు యూనిట్లు వేసినా, సూది పెట్టే చోటును కొద్దిగా మార్చినా సరిపోతుంది. అందుకు ఆయనకు మీ ముఖం కదలిక తెలియాలి. ఈ రోజే పగటి వెలుతురులో నాలుగు ఫొటోలు తీయించుకోండి. మామూలుగా చూస్తూ ఒకటి, కనుబొమలు ఎత్తి ఒకటి, ముఖం చిట్లించి ఒకటి, నవ్వుతూ ఒకటి. మాటల్లో చెప్పలేనిది ఆ ఫొటోలు చెప్తాయి. ఇంజెక్షన్ గదిలో పడుకున్నాక చెబుదామనుకుంటే గుర్తుకు రాదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం. ఈ మందు ఒక ప్రొటీన్. శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చు. అలా జరిగితే మందు పనిచేయడం మానేస్తుంది. ఇప్పటి మందులతో, మీకు పడుతున్న మోతాదులో ఆ అవకాశం తక్కువే, కానీ బొత్తిగా లేదని చెప్పలేం. మోతాదు పెరిగేకొద్దీ, ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య గడువు తగ్గేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. 12 వారాల గడువు పెట్టడానికి ఇదొక కారణం. మీరు నవంబరులో న్యూరాలజిస్టు దగ్గర, డిసెంబరులో స్కిన్ క్లినిక్‌లో, జనవరిలో పళ్ల డాక్టరు దగ్గర, ఫిబ్రవరిలో మళ్లీ న్యూరాలజిస్టు దగ్గర వేయించుకుంటే ఏ డాక్టరుకు ఆ డాక్టరు గడువు పాటించినట్టే ఉంటుంది. మీ ఒంటికి మాత్రం నెలనెలా పడినట్టు. ముడతలకు మందు పనిచేయకపోతే నాలుగు గీతలు కనిపిస్తాయి, అంతే. మైగ్రేన్‌కి పనిచేయకపోతే మళ్లీ ఆ చీకటి గది. నష్టం రెండు వైపులా ఒకేలా లేదు. అందుకే మీ విషయంలో తలనొప్పి చికిత్సకే మొదటి పీట వేస్తాను. ముఖం దాని వెనక, దాని తేదీకి సర్దుకోవాలి.

మొత్తం మోతాదు సంగతికొద్దాం. బొటాక్స్ బ్రాండు విషయంలో పెద్దవాళ్లకు అన్ని కారణాలకూ కలిపి మూడు నెలల్లో 400 యూనిట్లు దాటకూడదని మందు సూచనల్లోనే రాసి ఉంటుంది. మీకు 155, కళ్ల పక్కన 24 కలిస్తే 179. దవడలకు రెండు పక్కలా 25 చొప్పున అనుకుంటే ఇంకో 50, మొత్తం 229. హద్దుకు చాలా దూరంలోనే ఉన్నారు. అయితే 400 లోపలే కదా అని నిశ్చింతగా ఉండటం సరికాదు. ఆ అంకె ఒంటి మొత్తానికి సంబంధించింది. ఎక్కడ వేశారన్నది దానికంటే పెద్ద విషయం. మెడలో తప్పు చోట పడిన కొద్ది యూనిట్లు చేసే ఇబ్బంది, భుజంలో పడిన 30 చేయకపోవచ్చు.

అందుకే ప్యాకేజీలోని మెడ భాగాన్ని పూర్తిగా వదిలేయమంటున్నాను. మెడ ముందు పలచగా పరుచుకున్న కండరానికి వరసగా సూదులు వేసి దవడ గీత బిగువుగా కనిపించేలా చేస్తారు. దాని కిందే మింగడానికి పనికొచ్చే కండరాలున్నాయి. మందు కాస్త లోతుకు పోయినా, పక్కకు పాకినా మింగడం కష్టమవుతుంది, గొంతు మారుతుంది. మీకు మెడ వెనక, భుజాల్లో ఇప్పటికే 50 యూనిట్లు పడుతున్నాయి. తల నిలబెట్టే కండరాలు కొంత బలహీనపడి ఉన్నాయి. ఈ చికిత్స తీసుకునేవాళ్లలో కొందరికి మెడ నొప్పి, తల బరువుగా అనిపించడం మామూలే. వెనక సడలినప్పుడు ముందువైపు కూడా సడలించడం మీలాంటివాళ్లకు మంచి ఆలోచన కాదు. పెళ్లిలో బరువైన నగలు వేసుకుని రోజంతా నిలబడాల్సిన మనిషి మీరు.

దవడ ఇంజెక్షన్ విషయంలో పళ్ల డాక్టరు గారి సలహాను తప్పుపట్టను. పళ్లు కొరికే అలవాటుకు దవడ కండరంలో ఈ మందు వేయడం చాలా చోట్ల జరుగుతోంది, చాలామందికి ఉపశమనం కూడా ఉంటుంది. అయితే ఇది మందు అనుమతుల్లో ఉన్న వాడకం కాదు, డాక్టర్లు తమ అనుభవం మీద వాడుతున్నారు. మీ విషయంలో ఇంకో సంగతి. నమలడానికి ముఖ్యంగా దవడ కండరం, కణత కండరం రెండూ పనిచేస్తాయి. కణతలకు మీకు 40 యూనిట్లు ఇప్పటికే పడుతున్నాయి. దవడ కూడా బలహీనపడితే గట్టి పదార్థాలు నమిలేటప్పుడు త్వరగా అలసిపోతారు. సూది కొద్దిగా ముందుకు పడితే నవ్వు ఒక పక్కకు వంకర పోతుంది. ముందు రాత్రిపూట పెట్టుకునే నైట్ గార్డ్ చేయించుకోండి. పెళ్లయ్యాక, మే నెల ఇంజెక్షన్ల సమయానికి ఇంకా అవసరమనిపిస్తే అప్పుడు కలిపి మాట్లాడుకోవచ్చు. కణతల ఇంజెక్షన్ల వల్లే కొరకడం కొంత తగ్గిందేమో కూడా అప్పటికి తెలుస్తుంది.

ఇక మిగిలింది కళ్ల పక్కన గీతలు. మైగ్రేన్ పద్ధతిలో ఆ చోటు లేదు. కాబట్టి అది మీకు నిజంగా కొత్తగా అందేదే. మీరు ఏదైనా చేయించుకోదలిస్తే అదొక్కటి చేయించుకోండి, అదీ ఫిబ్రవరి 7నే. నుదుటికి విడిగా ఏమీ అక్కర్లేదు. మైగ్రేన్‌కి నుదుటి పైభాగంలోనే సూదులు వేస్తారు కాబట్టి కనుబొమలకు దగ్గరగా ఉన్న గీతలు కొన్ని మిగలొచ్చు. వాటిని మిగలనివ్వండి. ఆ కింది భాగంలో మందు వేస్తే కనుబొమలు జారే అవకాశం ఎక్కువ.

45 యూనిట్ల గురించి అడిగారు. ఒక్కో విడతకు రెండు వయల్స్ కొని, కళ్లముందే మందు పారేస్తుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ ఫ్రిజ్‌లో పెట్టి ఇంకో రోజు ఇంకో క్లినిక్‌కి తీసుకెళ్లడం కుదరదు. వయల్‌లో మందు పొడిలా ఉంటుంది. సెలైన్ కలిపాక 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి 24 గంటల్లోపు వాడేయాలి. అందులో సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే రసాయనం లేదు. ఇంటి ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన, పదిసార్లు తలుపు తీసి వేసే చోట అది భద్రంగా ఉండదు. పైగా ఎంత సెలైన్ కలిపారో తెలియకుండా ఇంకొకరు దాన్ని వాడకూడదు. మైగ్రేన్‌కి మామూలుగా 100 యూనిట్లకు 2 మిల్లీలీటర్లు కలుపుతారు, అంటే 0.1 మిల్లీలీటరులో 5 యూనిట్లు. ముఖానికి వేసేవాళ్లు చాలామంది 2.5 మిల్లీలీటర్లు కలుపుతారు, అప్పుడు అదే 0.1లో 4 యూనిట్లు. సిరంజిలో గీత అదే, మందు వేరు.

అయితే దారి లేకపోలేదు. మీరు కొన్న మందు, మీ కోసమే కలిపిన మందు, అదే రోజు, అదే ఆసుపత్రిలో, మీకే వేయడంలో తప్పేమీ లేదు. కళ్ల పక్కన కావాల్సింది 24, మిగిలేది 45. కొందరు న్యూరాలజిస్టులు స్వయంగా వేయగలరు. కనురెప్పలు ఆగకుండా కొట్టుకునే జబ్బుకు కంటి చుట్టూ ఇదే మందు వేసే అనుభవం వాళ్లలో చాలామందికి ఉంటుంది. ఆయన తనకు అలవాటు లేదంటే అదే ఆసుపత్రిలోని చర్మ డాక్టరు గారిని ఆ పూట పిలిపించవచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ 45లో కొంత మీ నొప్పి ఎక్కువున్న చోట అదనంగా వేయడానికి న్యూరాలజిస్టుకు అవసరం కావొచ్చు. ఈ పద్ధతిలో 195 వరకూ వెళ్లే వీలుంది. అలా అవసరమైతే ముడతల సంగతి వదిలేయండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. అక్కడ వయల్ ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీ భరిస్తుంది, అదీ మైగ్రేన్ కోసమని. ఆ మందును ముడతలకు వాడమని డాక్టరును అడగకూడదు, అది ఆయన్ను చిక్కుల్లో పెడుతుంది. మీరు సొంత డబ్బుతో కొంటున్నారు కాబట్టి మీ పరిస్థితి వేరు.

ఇక సిగ్గు గురించి. అమ్మా, ఈ మందు చరిత్ర తెలిస్తే మీకు ఆ సిగ్గు ఉండదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్ను సరిచేయడానికి దీన్ని తీర్చిదిద్దారు. 1989లో అమెరికా ప్రభుత్వం మొదటి అనుమతి ఇచ్చింది మెల్లకన్నుకూ, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకూ. కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కారథర్స్ అనే కంటి డాక్టరు గారు ఆ రెప్పల జబ్బుకు మందు వేస్తుండగా, ఒకావిడ తన కనుబొమల మధ్య ముడత పోయిందని గమనించి అక్కడ కూడా వేయమని అడిగారు. చర్మ డాక్టరైన ఆమె భర్త అలస్టెయిర్‌తో కలిసి ఆమె ఆ దారి పట్టుకున్నారు. ముడతల వైద్యం అలా పుట్టింది. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ముడతల కోసం వచ్చిన కొందరు తమ తలనొప్పులు తగ్గాయని విలియం బైండర్ అనే సర్జన్‌కి చెప్పారు. మైగ్రేన్‌కి దీన్ని వాడొచ్చన్న ఆలోచన అక్కణ్నుంచి బలపడి, 2010లో అనుమతి దాకా వచ్చింది. ఒకావిడ సిగ్గుపడకుండా ముడత మాట ఎత్తింది కాబట్టి, ఇంకొందరు తలనొప్పి మాట ఎత్తారు కాబట్టి ఈ రోజు మీకు ఉపశమనం దొరికింది. మీ న్యూరాలజిస్టుకు ఈ కథ తెలిసే ఉంటుంది. ముడతల గురించి అడిగినంత మాత్రాన మీ తలనొప్పిని ఆయన అనుమానించరు. మీ తలనొప్పి డైరీ, మీరు వాడి వదిలేసిన మాత్రల పేర్లు ఆయన దగ్గరున్నాయి. నెలకు కనీసం 15 రోజులు నొప్పి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ ఉంటేనే ఈ చికిత్స మొదలుపెడతారు.

ఎలా చెప్పాలో తెలియకపోతే ఇలా చెప్పండి: "డాక్టర్ గారూ, ఫిబ్రవరి 26న మా అమ్మాయి పెళ్లి. కళ్ల పక్కన గీతలకు కూడా బొటాక్స్ వేయించుకోవాలనుంది. మీ ఇంజెక్షన్లకు ఇబ్బంది లేకుండా ఎప్పుడు, ఎవరి దగ్గర వేయించుకోమంటారు?" ఇంతే చాలు. ఆయన వద్దంటే కారణం అడగండి. మీ రెప్పలు ఇప్పటికే వాలి ఉన్నాయనో, గతంలో మింగడం ఇబ్బందైందనో మీ శరీరం గురించి నాకు తెలియనిది ఆయనకు తెలిసి ఉండొచ్చు. అప్పుడు ఆయన మాటే వినండి, నా మాట కాదు.

ఈ మందు ఎవరి దగ్గర వేయించుకున్నా ఒకే కాగితం మీదికి రావాలి. బ్యాంకు పాస్‌బుక్ లాగా అనుకోండి, ఎన్ని కౌంటర్లలో తీసుకున్నా ఖాతా ఒకటే. తేదీ, బ్రాండు పేరు, ఎన్ని యూనిట్లు, ఏ చోట, వయల్ బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, వేసిన డాక్టరు పేరు రాయించుకోండి. పెట్టె మీది స్టిక్కర్ అడిగి అంటించుకుంటే ఇంకా మంచిది. బ్రాండు పేరు ఎందుకంటే బొటాక్స్ యూనిట్, డిస్పోర్ట్ అనే ఇంకో బ్రాండు యూనిట్ ఒకటి కావు. కనుబొమల మధ్య బొటాక్స్ అయితే 20, డిస్పోర్ట్ అయితే 50. మన దగ్గర ఏ బ్రాండునైనా బొటాక్స్ అనే పిలుస్తారు కాబట్టి కాగితం మీద 50 అని మాత్రమే రాసి ఉంటే తర్వాతి డాక్టరుకు ఏమీ అర్థం కాదు. ఆ రెండిటినీ కూడి 400 లెక్క వేయడం కూడా తప్పే. "నుదురు మొత్తం ఇంత రేటు" అని చెప్పి యూనిట్లు చెప్పని చోట వేయించుకోకండి.

మీరు వెళ్లిన క్లినిక్ మీద నాకున్న అభ్యంతరం డిస్కౌంటు గురించి కాదు. ఈ మందు వేసేముందు "ఇంతకుముందు ఎక్కడైనా, దేనికైనా ఈ ఇంజెక్షన్ తీసుకున్నారా, ఎప్పుడు?" అన్నది మొదటి ప్రశ్న కావాలి. నరాలు, కండరాల జబ్బులున్నాయా, ఏం మందులు వాడుతున్నారు, గర్భంతో ఉన్నారా అన్నవి ఆ వెంటనే రావాలి. ఇవేవీ అడగకుండా ప్యాకేజీ చెప్పిన చోటికి నేనైతే నా ఇంటివాళ్లను పంపను. చర్మ వైద్యంలోనో ప్లాస్టిక్ సర్జరీలోనో పీజీ చేసిన డాక్టరు స్వయంగా వేయాలి. వయల్ మీ ముందు తెరవాలి. పార్లర్లో, అపార్ట్‌మెంట్లో నలుగురు కలిసి ఒక వయల్ పంచుకునే పద్ధతిలో ఎప్పుడూ వద్దు. 2024లో అమెరికాలో నకిలీ బొటాక్స్ వల్ల, సరైన శిక్షణ లేనివాళ్లు వేయడం వల్ల పలు రాష్ట్రాల్లో జనం ఆసుపత్రుల పాలయ్యారు. అంత నిఘా ఉన్న దేశంలోనే అలా జరిగింది.

మందుల విషయానికొస్తే, అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు మీ న్యూరాలజిస్టు తెలిసే ఇస్తున్నారు కాబట్టి మానొద్దు. నోరు ఎక్కువగా ఎండిపోతుంటే చెప్పండి. నేను ఎక్కువ భయపడేది వేరే మందుల గురించి. జ్వరమనో, మూత్రంలో ఇన్ఫెక్షన్ అనో వెళ్తే కొన్నిచోట్ల పేరు చెప్పకుండానే ఇంజెక్షన్ ఇచ్చేస్తారు. అది అమికాసిన్ లేదా జెంటామైసిన్ అయితే నరానికీ కండరానికీ మధ్య సంకేతాన్ని అది కూడా కొంత అడ్డుకుంటుంది. బొటాక్స్ చేసేదీ అదే పని. రెండూ కలిస్తే బలహీనత పెరగొచ్చు. మూడు నెలలకోసారి ఈ ఇంజెక్షన్లు తీసుకుంటున్నానని ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందే చెప్పండి. ఆపరేషన్ ఏదైనా అవసరమైతే మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. నడుం నొప్పికి మందుల షాపులో కండరాలు సడలే మాత్రలు అడిగి కొనుక్కునే అలవాటుంటే మానుకోండి. ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబడే మాత్రలు మీరు రాయలేదు. ఎవరైనా వాడుతుంటే సూది పడ్డచోట కమిలిపోతుందని సొంతంగా ఆపేయకూడదు, గుండె డాక్టరును అడగాలి.

ఫిబ్రవరి 7న ఇంజెక్షన్లయ్యాక నాలుగు గంటల పాటు పడుకోకండి, ముఖం రుద్దకండి. పెళ్లి ముందు ఫేషియల్, తల మసాజ్ లాంటివి ఉంటే ఆ తేదీకి ముందే ముగించుకోండి, లేదా కనీసం ఒక వారం ఆగి చేయించుకోండి. సూది పడ్డచోట చిన్న కమిలిన మచ్చలు వస్తే వారం పది రోజుల్లో పోతాయి. కళ్ల పక్కన ఇది మీకు మొదటిసారి కాబట్టి తక్కువ మోతాదుతో వేయమని అడగండి. సూది కిందికి, చెంప వైపుకు పడితే నవ్వు మారుతుంది. మొదటిసారి ప్రయోగం పెళ్లి ముందు ఎందుకని మీకే అనిపిస్తే అదీ మంచి నిర్ణయమే. ఆ రోజు మైగ్రేన్ ఇంజెక్షన్లతోనే నుదురు, కనుబొమల మధ్య నున్నగా ఉంటాయి. రెండు వారాల తర్వాత గీత మిగిలిందని ఎవరైనా ఇంకో డోసు వేస్తామంటే మాత్రం వద్దనండి.

ఇంజెక్షన్ వేసిన కొన్ని గంటల నుంచి కొన్ని వారాల లోపు ఎప్పుడైనా మింగడం కష్టమైతే, మాట ముద్దగా వస్తే, ఒకటి రెండుగా కనిపిస్తే, ఒళ్లంతా నీరసంగా ఉండి చేతులు ఎత్తలేకపోతే, ఊపిరి ఆడనట్టుంటే రేపు చూద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేసి, ఐసీయూ, న్యూరాలజిస్టు ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆ కాగితం వెంట ఉండాలి. ఇలా జరగడం అరుదు, కానీ జరిగినప్పుడు ఆలస్యం చేయకూడదు. ఒక్క కనురెప్ప మాత్రమే కాస్త వాలితే అంత ప్రమాదం కాదు. డాక్టరుకు చూపిస్తే, అది తగ్గేదాకా రెప్పను తాత్కాలికంగా ఎత్తే కంటి చుక్కలు రాసిస్తారు.

ఇది చదువుతున్న ఇతరులకూ ఒక మాట. పక్షవాతం తర్వాత బిగుసుకుపోయిన చేతికో కాలికో, మెడ వంకర తిరిగే డిస్టోనియాకో ఈ మందు తీసుకునేవాళ్లకు ఆ ఒక్క చికిత్సకే 300, 400 దాకా పడుతుంటుంది. మూత్రాశయంలోకి తీసుకునేవాళ్లకు 100 లేదా 200 పడుతుంది. వాళ్లకు ముఖానికి వేయడానికి చోటు మిగలకపోవచ్చు. మయస్థేనియా గ్రేవిస్ లాంటి కండరాల జబ్బులున్నవాళ్లు అందం కోసం దీని జోలికి వెళ్లకూడదు. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు వాయిదా వేసుకోవాలి.

అమ్మా, సంక్రాంతి లోపే న్యూరాలజిస్టు గారి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఫిబ్రవరి 7న ఆయన ఊళ్లో ఉంటారో లేదో, చర్మ డాక్టరు అందుబాటులో ఉంటారో లేదో కనుక్కోండి. రెండు మూడు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు కానీ ముందుకు జరపమని మాత్రం అడగకండి. క్లినిక్‌కి అడ్వాన్సు కట్టి ఉంటే, మైగ్రేన్‌కి ఇదే మందు తీసుకుంటున్నాను, మా డాక్టరు గారిని అడిగి చెప్తాను అని మెసేజ్ పెట్టండి. ఆ మాట విని కూడా డిసెంబరులోనే రమ్మంటే, ఆ అడ్వాన్సు వదులుకోండి.